గాజుతొట్టిలోని సముద్రపు చేప – దాని ఆహారము

మన గుంటూరు, ప్రకాశము సీమలు ప్రత్తికిని మిరపకును పేరుపొందినవి. ఈ నల్లరేగడి నేలలకు తూర్పున బంగాళాఖాతము గలదు. 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోని సూర్యలంక, వాడరేవు, నిజాంపట్నముల నుండియు, ఒంగోలునకు చేరువనున్న కొత్తపట్నము నుండియు చేపలు మన సంతలకు వచ్చుచున్నవి. చేప మనకు ఆహారమగుట యెల్లరెఱిగినదే. కాని చేపకు ఆహారమేమి యను ప్రశ్న మనలో పెక్కుమందికి తోచదు.

ఇటీవల పట్టణములలో అక్కడక్కడ గాజుతొట్లయందు ఉప్పునీరు నింపి, రంగురంగుల సముద్రపు చేపలను పెంచు వేడుక కానవచ్చుచున్నది. వానిలో కొన్ని శుభ్రమైన నీటిలో నుండియు, పైకి రోగమేమియు కానరాకుండియు, పెట్టిన మేత ముట్టక నానాటికి కృశించి మరణించుచున్నవి. పెంచువారు “ఇది మొండి చేప” యని దానినే నిందింతురు. ఈ మొండితనము నిజమేనా? అట్టి చేపచేత ఎట్లు తినిపింపవలెను? తినుట మొదలిడిన తరువాత దాని యారోగ్యమునకు ఏమేమి పెట్టవలెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుట యీ వ్యాసోద్దేశము.

చేప వచ్చిన దారి

సముద్రపు చేపలను గాజు వెనుక నుంచి చూచుట మనవారికి బొత్తిగా క్రొత్త కాదు. మన గుంటూరు మద్రాసు రాజధానిలో చేరియున్న కాలమున, 1909లో, మద్రాసు మెరీనా తీరమున మత్స్యప్రదర్శనశాల యొకటి తెఱవబడెను. మద్రాసు మ్యూజియము అధికారియగు ఎడ్గార్ థర్‌స్టన్ దానిని తలపెట్టినవాడు. ఇప్పుడది లేదు. ఆ శాల సముద్రపు టొడ్డుననే యుండుటచేత ఉప్పునీటికిని మేతకును దూరము పోవలసిన పని లేకుండెను. నేటి గృహములలోని తొట్టి సంగతి వేఱు. అందలి చేపలలో పెక్కులు ఎక్కడనో పగడపు దిబ్బల నడుమ వలకు చిక్కినవి. వానిని నీటితోను ప్రాణవాయువుతోను నింపిన సంచులలో నుంచి, మూతి బిగించి, విమానములపై పంపుదురు. త్రోవలో నీరు చెడకుండుటకై బయలుదేరుటకు ముందే వానిని పస్తుంచుట ఆ వర్తకమునందు వాడుక. కాబట్టి మన యింటికి చేరునప్పటికి ఆ చేప అలసియు, ఆకలిగొనియు, భీతిల్లియు నుండును. ఈ సంగతి తెలియనివాడు దాని మౌనమును మొండితనమని తలచుట వింత కాదు.

తినకపోవుటకు కారణములు

మొదటి కారణము భయము. క్రొత్త తొట్టిలో విడువబడిన చేప రాతి సందులలో దాగుకొనును. అప్పుడు దానిని మాటిమాటికి చూడబోవుటయు, గాజుపై వ్రేళ్లతో కొట్టుటయు దాని భయమును హెచ్చించును. తొట్టిలో ముందుగా నున్న బలమైన చేపలు తఱుముచున్నను అది మేత దఱికి రాలేదు. మొదటి రెండు మూడు దినములు దీపము తగ్గించి, దాగుటకు చాలినన్ని సందులు కల్పించి, నెమ్మదిగా నుండనీయవలెను.

రెండవ కారణము, దాని కంటికి మన మేత మేతవలె కనబడకపోవుట. ఇదియే ముఖ్యమైనది. సృష్టికర్త ఒక్కొక్క జీవికి ఒక్కొక్క విధమగు నోటిని, ఒక్కొక్క విధమగు వేటను ఏర్పఱచియున్నాడు. సింహపు చేప యనబడు లయన్ ఫిష్ కదలెడు చిన్న చేపలను, రొయ్యలను మ్రింగునది. కదలని ముక్కను అది లెక్కచేయదు. సర్జన్ చేపకు తోక మొదట కత్తివంటి ముల్లుండును. అది దినమంతయు రాళ్లపై నాచు మేయుచు దిరుగును. సముద్రపు గుఱ్ఱమునకు పండ్లు లేవు, జీర్ణాశయము లేదు. గొట్టమువంటి మూతితో సూక్ష్మమైన రొయ్యజాతి జీవులను పీల్చుకొని, మాటిమాటికి కొంచెము కొంచెముగా తినవలసినదే. సీతాకోకచిలుక చేపలలో కొన్ని జాతులు సజీవములగు పగడపు జీవులను దప్ప మఱేమియు తినవు. ఇక నారింజవన్నె మేనిపై తెల్లని పట్టీలు గల క్లౌన్ చేప యున్నది. అది నీటిలో తేలియాడు చిన్న జీవులను, నాచును గూడ తినును గనుక దానిని పెంచుట కొంత సుకరము. రాత్రివేళ మాత్రమే వేటకు వెడలు చేపలును గలవు. వానికి పగటిపూట పెట్టిన మేత వ్యర్థము.

ఈ భేదమును మన సీమ రైతుబిడ్డలు సులభముగా గ్రహింపగలరు. ప్రత్తిగింజలు గేదెకు బలమిచ్చు దాణా యని మన పల్లెలలో నెఱుగనివారు లేరు. ఆ గింజలో గాసిపాల్ అను విషపదార్థ మొకటి యున్నది. నెమరువేయు జంతువుల కడుపు దాని బలమును చాలవఱకు విఱుచును. చేపకు, కోడికి అట్టి కడుపు లేదు; ఆ పదార్థము మేతలో మితిమీఱినచో వానికి కీడు గలుగును. ఒకదానికి బలమైనది వేఱొకదానికి విషమగుట యిట్లు. అట్లే చెఱువులోని చేపలు తవుడును చెక్కపిండిని తినుచున్నవి గదా యని సముద్రపు చేపకు తవుడు, అటుకులు, మరమరాలు, ఇడ్లీ ముక్కలు వేయరాదు. అవి దానికి మేత గావు. నీటిని మాత్రము చెఱచును.

మూడవ కారణము వ్యాధి లేక చెడిన నీరు. ఇదివఱకు చక్కగా తినుచున్న చేప హఠాత్తుగా మానినచో, మేత మార్చుటకు ముందు నీటిని పరీక్షింపవలెను.

మొదటి ముద్ద

చేపచేత మొదట తినిపించుటకు దానికి తెలిసిన మేతనే చూపవలెను. అట్టివానిలో మిక్కిలి యుపయోగకరమైనది ఆర్టీమియా యను చిన్న ఉప్పునీటి జీవి. ఇది రొయ్యకు దూరపు చుట్టము. మిక్కిలి ఉప్పగానుండు సరస్సులలోను ఉప్పుమళ్లలోను బ్రతుకును. దీని గ్రుడ్లు ఎండిన స్థితిలో సంవత్సరముల తరబడి చెడక నిలువయుండుట ఒక వింత. అమెరికాలోని యూటా రాష్ట్రమునందలి మహా లవణసరస్సు నుండి సేకరించిన గ్రుడ్లు ప్రపంచమంతట అమ్మబడుచున్నవి.

ఈ గ్రుడ్లను పొదిగించుట పాఠశాల విద్యార్థులును చేయదగిన పని. ఒక లీటరు నీటిలో ఇంచుమించు 30 గ్రాముల ఉప్పు కరగించి, ఒక చిటికెడు గ్రుడ్లు వేసి, గాలిగొట్టముతో నీరు కలియబాఱునట్లు చేసి, వెలుతురు తగులనిచ్చి, వేడిమి 28 డిగ్రీల చెంత నుంచవలెను. సుమారు ఒక దినములో పిల్లలు వెలువడును. మన వేసవి యెండలలో నీరు మిక్కిలి వేడెక్కును గనుక పాత్రను నీడపట్టున నుంచుట మేలు. తరువాత గాలి ఆపి, పాత్రకు ఒక ప్రక్క దీపము చూపినచో పిల్లలన్నియు వెలుతురు వైపునకు చేరును. ఉత్త పెంకులు పైకి తేలును. పెంకులు రాకుండ పిల్లలను మాత్రము గొట్టముతో తీసి, సన్నని గుడ్డలో వడపోసి, మంచినీటితో కడిగి తొట్టిలో వేయవలెను. పెంకులు జీర్ణము గావు. ఈ పిల్లలు పొడవున అర మిల్లీమీటరు గూడ నుండవు. అయినను వాని కుదుపు నడక చూచి, అంతవఱకు కదలని చేప గూడ ముందునకు వచ్చును. అప్పుడే పుట్టిన పిల్లలో గ్రుడ్డుసొన మిగిలియుండును గనుక అది పుష్టికరము. ఆలస్యమైనకొలది ఆ పుష్టి తఱుగును. కావున పొదిగినవానిని వెంటనే పెట్టవలెను.

చేప సజీవమైన మేతను తినినంతనే పని ముగిసినదని తలపరాదు. అక్కడనుండి మెల్లగా దానిని ఇతర ఆహారములకు మరలింపవలెను. క్రొత్తగా అన్నము ముట్టిన శిశువునకు తల్లి మొదటి దినముననే గోంగూర పచ్చడి పెట్టదు గదా! మెత్తగా పిసికిన పప్పన్నముతో మొదలిడి, నెలల మీద ఒక్కొక్క రుచిని అలవాటు చేయును. చేప విషయమునను మార్గమిదియే. మొదట బ్రతికిన ఆర్టీమియాతో గడ్డకట్టించి యుంచిన ఆర్టీమియాను కొంచెము కలుపవలెను. దినదినమునకు రెండవదానిని హెచ్చించి మొదటిదానిని తగ్గింపవలెను. నీటిని త్రిప్పు యంత్రపు ప్రవాహమునకు ఎదురుగా వేసినచో చచ్చిన మేతయు బ్రతికినదానివలె కదలును. పిమ్మట సన్నగా తఱిగిన రొయ్య, ఆలిచిప్పల మాంసము, చివరకు తయారుచేసిన గుళికల మేత అలవాటు చేయవలెను. సింహపు చేపవంటి వేటచేపకు చేప ముక్కను సన్నని పుల్లకు గ్రుచ్చి దాని యెదుట కదలింపవచ్చును. కాని దాని ముండ్లు విషము గలవి గనుక చేతిని నీటిలో పెట్టరాదు. బాగుగా తినుచున్న సాధువైన చేప నొకదానిని తోడుగా నుంచుటయు మేలు. దానిని చూచి క్రొత్తది ధైర్యము తెచ్చుకొనును.

ఈ క్రమము ఇంటి తొట్లకే పరిమితమైనది కాదు. మన తీరమున ప్రియముగా తినబడు పండుగప్పను హేచరీలలో పెంచువారును దీనినే యనుసరింతురు. ఇది పుట్టుకచేత వేటచేప. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చరు పరిశోధన సంస్థవారు 1997లో దీనిచేత బంధనమునందు గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచుటలో కృతకృత్యులైరి. ఆ పిల్లలకు మొదట రోటిఫర్లను సూక్ష్మజీవులను, తరువాత ఆర్టీమియాను, అటుపిమ్మట మెత్తని చేపమాంసమునో గుళికలనో క్రమముగా అలవాటు చేయుదురు. మెట్టు దాటించినచో పిల్లలు నష్టమగును. మెట్టుమెట్టుగా నడిపించినచో పుట్టు వేటచేప గూడ గుళికలు తినును.

ఒకే మేత చాలదు

ఇక మూడవ ప్రశ్న. చేప ఒక మేతను ఆత్రముతో తినుచున్నదని దానినే నెలల తరబడి పెట్టువారు గలరు. ఇది నిదానముగా పస్తుంచుటయే. కడుపు నిండుట వేఱు, శరీరము పోషింపబడుట వేఱు.

కొన్ని జాతుల చేపల పచ్చిమాంసములో థయామినేస్ అను పదార్థముండును. అది బి1 విటమినును నాశనము చేయును; గడ్డకట్టించినను దాని శక్తి పోదు. అట్టి మాంసమునే యెల్లప్పుడు తిను చేప కాలక్రమమున నరముల బలము తప్పి నశింపవచ్చును. మఱియు సముద్రపు చేపలకు డి.హెచ్.ఏ., ఇ.పి.ఏ. అను కొవ్వులు అత్యవసరములు; వానిని చాలినంతగా తమ శరీరములో కల్పించుకొనలేక మేతనుండియే పొందును. ఆర్టీమియాలో ఈ కొవ్వులు, ముఖ్యముగా మొదటిది, కొఱత. అందుచేత కొన్ని గంటలు పెరిగిన ఆర్టీమియాకు సూక్ష్మమైన నాచునో చేపనూనె కలిపిన ద్రవమునో తినిపించి, ఆ పిమ్మట చేపకు వేయుట వాడుకలోనున్నది. సర్జన్ చేపవంటివానికి ఉప్పు, మసాలా లేని ఎండిన సముద్రపు నాచు ప్రతిదినము కావలెను. మాంసము మాత్రమే పెట్టినచో అవి ఆరోగ్యముగా నుండవు.

రంగు విషయమును గూర్చి యొక మాట. చేప మేని ఎఱుపు, నారింజ వన్నెలకు కారణములైన కెరోటినాయిడులను చేప తనంతట తాను పుట్టింపలేదు. రొయ్యజాతి జీవులనుండియు నాచునుండియు వానిని పొందును. అవి లేని మేత తినుచు చాలకాలమున్న చేప వెలవెలబోవును. మన మిరపపండు ఎఱుపునకును కాప్సాంథిన్ అను కెరోటినాయిడే కారణము. మిరపనుండి తీసిన యీ రంగును కోడిగ్రుడ్డు సొనకు వన్నె తెచ్చుటకై కోళ్ల దాణాలోను, అలంకారపు చేపల మేతలోను కలుపుదురు. కాని విద్యార్థు లెవ్వరును దీనిని చదివి ఇంటిలోని కారపుపొడిని తొట్టిలో చల్లరాదు! యంత్రాగారములలో శుద్ధిచేసిన రంగు వేఱు, మన కారము వేఱు.

సర్వాహారియగు క్లౌన్ చేపకు ఒక వారపు ఏర్పాటు ఇట్లుండవచ్చును. దినదినమునకు ఆధారముగా మంచి గుళికల మేత. రెండు దినములు ఆర్టీమియా. రెండు దినములు సన్నగా తఱిగిన రొయ్య. ఒక దినము ఆలిచిప్పల మాంసము. ఒకటి రెండు దినములు నాచు కలిసిన మేత. సంతలో కొన్న రొయ్యలను పెంకు తీసి, మంచినీటితో బాగుగా కడిగి, ఉప్పు గాని పసుపు గాని తగులనీయక, చేప నోటికి తగినట్లు తఱిగి, చిన్న చిన్న పొట్లములుగా మంచుపెట్టెలో నుంచుకొనవచ్చును. ఒకసారి కరగిన పొట్లమును మరల గడ్డకట్టింపరాదు.

ఎంత పెట్టవలెను?

తినని చేప చచ్చునేమో యను దిగులుతో అధికముగా మేత వేయుట మఱియొక యపాయము. తినక మిగిలినది కుళ్లి అమ్మోనియా యగును. సముద్రపు నీరు కొంచెము క్షారగుణము గలది గనుక అందులో అమ్మోనియా మఱింత విషకరము. నీటిలోని మేలుచేయు బాక్టీరియా దానిని క్రమముగా నైట్రైటుగాను, నైట్రేటుగాను మార్చును. కాని వాని శక్తికి మితమున్నది. కావున రెండు మూడు నిమిషములలో తినగలిగినంతయే వేసి, దినమునకు రెండు మూడు తడవలు పెట్టవలెను. మిగిలినదానిని గొట్టముతో తీసివేయవలెను. వేసవిలో కరెంటు పోయి గాలియంత్రము నిలిచినపుడు మేత వేయరాదు. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ, కుళ్లుట యెక్కువ.

చేప బాగుగా నున్నదో లేదో ప్రక్కనుండియు ముందునుండియు చూడవలెను. తల వెనుక వీపు పలుచబడి, కడుపు లోనికి పోయినచో అది చాలినంత తినుట లేదు. ఏ దినము ఏ మేత వేసితిమి, దేనిని తినెను, దేనిని ఉమిసెను అని చిన్న పుస్తకమున వ్రాసికొనుట మంచిది. అట్లు వ్రాసికొన్నవారికి ఒక నెలలో తమ చేప స్వభావము తెలియవచ్చును; ప్రకృతిశాస్త్రమున నిట్టి పరిశీలనయే మొదటి పాఠము.

కొనరాని చేపలు

ఎంత ప్రయత్నించినను సాధారణ గృహస్థుడు పోషింపలేని చేపలు గలవు. సజీవమగు పగడమే తిను సీతాకోకచిలుక చేప అట్టిది. దినమంతయు కోపీపాడ్లు అను సూక్ష్మజీవులను ఏఱుకొని తిను మాండరిన్ చేపయు చిన్న తొట్టిలో సాధారణముగా ఆకలిచేతనే చచ్చును. సముద్రపు గుఱ్ఱము సంగతి వేఱు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001లో అది చేర్పబడినది. దానిని పట్టుటయు అమ్ముటయు నేరము. ఇట్టివానిని అందము చూచి కొనుట, తెలిసి తెలిసి ఒక ప్రాణమును పస్తునకు కొనుటయే.

అట్లైన తలిదండ్రులు పిల్లల ముచ్చట తీర్చుటెట్లు? రెండుపాయములున్నవి. మొదటిది, అంగడిలో మన కన్నులయెదుట మేత వేయించి, తినిన చేపనే కొనుట. రెండవది, సముద్రమున పట్టినదానిని గాక, మనుష్యుల చేతులలో పుట్టి పెరిగినదానిని అడుగుట. 1947లో స్థాపింపబడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు రామనాథపురము జిల్లాలోని మండపములోను మఱికొన్ని తావులలోను క్లౌన్ చేపలచేత బంధనమునందు గ్రుడ్లు పెట్టించి, పిల్లలను పెంచు విధానమును రూపొందించిరి. అట్లు పుట్టిన చేపలకు చిన్ననాటనుండియే తయారుచేసిన మేత అలవాటగును గనుక అవి మొరాయించుట అరుదు. పగడపు దిబ్బలకును దోపిడి తప్పును.

మొదట నడిగిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము దొరకినది. మొండి చేప యనునది సాధారణముగా లేదు. దాని నోటిని, దాని భయమును, దాని పూర్వపు వాడుకను ఎఱుగని యజమానుడు గలడు. సముద్రమున నున్నంతకాలము ఆ చేప తన మేతను తానే వెదకికొనెను. మనము దానిని తెచ్చి నాలుగు గాజుపలకల నడుమ నుంచిన దినమునుండి దానికి మన చేయి దప్ప వేఱు సముద్రము లేదు. సృష్టిపై మనుష్యున కీయబడిన అధికారము ఏలుటకే గాక కాపాడుటకును ఈయబడినదని మన విద్యార్థులు మఱవకుందురు గాక. తరగతిలో పాఠమునకును, పంక్తిలో అన్నమునకును మొగము త్రిప్పుకొను బిడ్డను చూచినపుడు ఉపాధ్యాయులమును తలిదండ్రులును గూడ “మొండివాడు” అని పలుకుటకు ముందు, వానికి పట్టునంత ముద్దను, వానికి తెలిసిన రుచితో ఇచ్చితిమా యని మనల మనము ప్రశ్నించుకొనుట యుచితము.